ఆరేళ్లు తీసిన ఆల్బమ్: ఆ ఆరేళ్లు ఎక్కడ వినపడతాయి?

పాతక్యాసెట్
సగం సందేహం, సగం ఫిర్యాదు. కిందటి వారం ఇక్కడే ఎవరో "ఫోక్, కంట్రీ (అమెరికా జానపదం, పల్లె బాణీ) కలిసిన ఆల్బమ్ ఒక్కటే వినాలంటే ఇది వినండి" అని అమెరికా గాయని లూసిండా విలియమ్స్ 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్' పేరు చెప్పారు. విన్నాను. 13 పాటలు, గంట కూడా లేదు. బాగుంది, కాదనను. కానీ దాని వెనక కథ చదివితే బుర్ర తిరిగింది. అంతకుముందు ఆల్బమ్ 1992లో వస్తే ఇది 1998 జూన్ 30న వచ్చింది. ఈలోపు ఆస్టిన్‌లో ఒకసారి రికార్డు చేసి పక్కన పెట్టేశారు. నాష్‌విల్‌లో మళ్లీ మొదటి నుంచి చేశారు. అదీ చాలక లాస్ ఏంజెలిస్ తీసుకెళ్లి ఇంకా చెక్కారు. ఇంతా చేస్తే వినపడేదేమిటి? గిటార్లు, డ్రమ్స్, బేస్, అక్కడక్కడ అకార్డియన్, కొంచెం జీరగా ఒకావిడ గొంతు. టీకొట్టు బల్ల మీద కూర్చుని పాడినట్టుంది. మరి ఆ ఆరేళ్లు ఎక్కడ పోయాయి?

మిక్సర్_మామ
టీకొట్టు బల్ల మీద కూర్చుని పాడినట్టు వినపడటానికే ఆరేళ్లు. అయిపోయింది, ఈ చర్చకి తాళం వేసేయండి.

పాతక్యాసెట్
అలా తప్పించుకుంటే ఒప్పుకోను. వివరంగా చెప్పు.

మిక్సర్_మామ
సరే, విను. 1995లో ఆస్టిన్‌లో మొదలైంది. నిర్మాత గర్ఫ్ మార్లిక్స్. బయటివాడు కాదు, ఏళ్ల తరబడి ఆమె బ్యాండ్‌లో గిటారిస్టు, 1988 ఆల్బమ్‌కీ 1992 'స్వీట్ ఓల్డ్ వరల్డ్'కీ నిర్మాణం చూసినవాడు. పని దాదాపు కొలిక్కి వచ్చింది. అప్పుడే గాయకుడు స్టీవ్ ఎర్ల్ తన 'ఐ ఫీల్ ఆల్‌రైట్' ఆల్బమ్‌లో ఒక పాట కలిసి పాడమని పిలిచాడు. అది 1996లో బయటికొచ్చింది. ఆ పాటలో తన గొంతు వినేసరికి ఈమెకి లోపల పురుగు తొలిచింది. నా గొంతు ఇంత దగ్గరగా, ఇంత బరువుగా నా సొంత రికార్డులో ఎందుకు లేదు అని.

ఎర్ల్, రే కెనడీ ఇద్దరూ కలిసి ట్వాంగ్‌ట్రస్ట్ అనే పేరుతో నిర్మాణం చేసేవాళ్లు. కెనడీకి పాత అనలాగ్ సామాను పిచ్చి. పాత మైకులు, పాత కంప్రెసర్లు. నాష్‌విల్‌లో వాళ్ల స్టూడియోకి వెళ్లి, ముందు ఒకటి రెండు పాటలు చేసి చూద్దాం అనుకున్నవాళ్లు మొత్తం మళ్లీ చేశారు.

దగ్గరగా వినపడటం అంటే మైకు నోటి దగ్గర పెడితే వచ్చేది కాదు. గొంతుని కంప్రెసర్‌లోంచి పంపినప్పుడు గట్టిగా పాడిన చోటు అణుగుతుంది, గొణిగిన చోటు పైకి తేలుతుంది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. అది బతకాలంటే గొంతు ఉండే స్థాయిలో గిటార్లు అడ్డురాకూడదు. అంటే వాయిద్యాల వాళ్లు తక్కువ వాయించాలి, లేదా పక్కకి తప్పుకోవాలి. చక్కగా వాయించగలిగినవాడిని తక్కువ వాయించమని ఒప్పించడమంత కష్టం ఇంకోటి లేదు. నా అనుభవంతో చెప్తున్నా.

కరీంనగర్_పోరడు
మామ ముచ్చట మొదలువెడితే చాయ్ చల్లారుడే. గానీ మంచిగ చెప్పినవ్ అన్నా.

గోదారిగట్టు_శీను
అంతా బాగుందండి, కానీ ఆ మార్లిక్స్ సంగతేంటి? ఎవరూ మాట్లాడరు. పదేళ్లు పక్కన నిలబడి వాయించినవాడు, రెండు ఆల్బమ్‌లు చేసి పెట్టినవాడు, మూడోది పూర్తయ్యే వేళకి "ఇది కాదు, వాళ్ల దగ్గరికి వెళ్దాం" అంటే మనిషికి ఎలా ఉంటుంది? నాష్‌విల్ కూడా వచ్చాడు పాపం, గిటార్ వాయించడానికి. మధ్యలో వెళ్లిపోయాడు. ఆ స్నేహం అక్కడితో సరి. ఒక గొంతు బాగా వినపడటానికి అంత ఖరీదా?

మిక్సర్_మామ
@గోదారిగట్టు_శీను వెళ్లిపోయినా ఆయన వాయించింది ఆల్బమ్‌లో ఉంది, అట్ట మీద పేరూ ఉంది. చెరిపేయలేదు.

గోదారిగట్టు_శీను
పేరు ఉండటం వేరండి, నిర్మాతగా ఉండటం వేరు. మా కాలేజీ బ్యాండ్‌లో నేను డ్రమ్స్ వాయించేవాడిని. పోటీకి వారం ముందు నన్ను తీసేసి ఇంకొకడిని పెట్టుకున్నారు. పోస్టరులో నా పేరు అలాగే ఉంచారు, మళ్లీ అచ్చు వేయించడానికి డబ్బుల్లేక. ఆ పోస్టరు చూసి నేనేమన్నా సంతోషించానా?

కరీంనగర్_పోరడు
గెలిచిన్రా మరి?

గోదారిగట్టు_శీను
గెలిచారు. అదే కదండీ మంట.

నిద్రలేని_నీలిమ
శీను గారి బాధ అర్థమైంది కానీ నాకు వేరే మంట. ఈ ఆల్బమ్ రాకముందే, 1997లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఆమె మీద పెద్ద వ్యాసం వచ్చింది. రాసిన తీరు ఎలా ఉందంటే, ఈవిడకి ఏదీ ఒక పట్టాన నచ్చదు, చేసిందే చేస్తుంది, అందరినీ విసిగిస్తుంది అని. ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. ఇక్కడ పాతక్యాసెట్ గారి ప్రశ్నలో కూడా దాని వాసన ఉంది, ఏమనుకోకండి.

చివర్లో లాస్ ఏంజెలిస్‌లో ఆల్బమ్ పూర్తి చేయించింది రాయ్ బిట్టన్. ఆయనెవరు? బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్‌లో పియానో. 'బార్న్ టు రన్' ఒక్క పాట మీద స్ప్రింగ్‌స్టీన్ ఆరు నెలలు కూర్చున్నాడు. దాన్ని అందరూ తపస్సు అంటారు. ఈమె చేస్తే సణుగుడు.

పాతక్యాసెట్
నేను స్ప్రింగ్‌స్టీన్‌ని కూడా అడుగుతానండి, ఆయన ఈ వేదికలో సభ్యుడైతే.

సీమ_సత్తెన్న
😂😂

చెరువుగట్టు
నీలిమ గారు చెప్పింది ఒప్పుకుంటా. అయినా ఒక మాట. ఆడైనా మగైనా, ఒకే పాటని మూడు ఊళ్లలో మూడుసార్లు పాడితే అందులో తొలిసారి ఉండే తడి ఆరిపోతుంది. నాకు ఈ ఆల్బమ్‌లో అదే లోటు. ప్రతీదీ ఆలోచించి పెట్టినట్టుంటుంది. అలవోకగా పాడినట్టు నటించడం కూడా ఒక రకం పాలిషే.

పైగా జనం కొన్నారా అంటే, విడుదలైన ఏడాది బిల్‌బోర్డ్ పట్టికలో ఎక్కిన మెట్టు 68. విమర్శకులు మాత్రం ఆకాశానికెత్తారు.

మిక్సర్_మామ
68 అంటే ఆమెకి అప్పటిదాకా అదే శిఖరం. తర్వాత అమెరికాలో గోల్డ్ అయింది, అంటే 5 లక్షల కాపీలు దాటింది. రేడియోలో గట్టి హిట్టు ఒక్కటీ లేకుండా అంత అమ్మడం మాటలా?

రేడియో_రాజ్యం
ఈ ఆల్బమ్ వేసిన మెర్క్యురీ కంపెనీ పేరుతోనే 1997 నవంబరులో కంట్రీ గాయని షనాయా ట్వైన్ 'కమ్ ఆన్ ఓవర్' వచ్చింది. 1998 అంతా కంట్రీ రేడియోలో అదే మోత. ఆ పక్కన ఈ జీర గొంతుని ఎవడు వేస్తాడు? కంట్రీ స్టేషన్ల వాళ్లు ముట్టుకోలేదు.

నిజానికి ఆల్బమ్ మొదలైంది రిక్ రూబిన్ కంపెనీ అమెరికన్ రికార్డింగ్స్ కోసం. మిక్సింగులో కూడా ఆయన చెయ్యి ఉంది. ఆ కంపెనీకి పంపిణీ చిక్కులొచ్చాయి, చివరికి మెర్క్యురీ తీసుకుంది. ఆరేళ్లలో కొంత ఆలస్యం ఆమె ఖాతాలోది కాదు, కంపెనీల ఖాతాలోది. ఇది ఎవరూ లెక్కెయ్యరు.

చెరువుగట్టు
అది కొత్త సంగతే నాకు. సరే, కంపెనీలకి ఒక ఏడాది రాయండి. ఇంకా అయిదేళ్లు మిగిలాయి.

నిద్రలేని_నీలిమ
ఆ అయిదేళ్లూ స్టూడియోలోనే కూర్చుందా ఏమిటి? పాటలు రాయాలి కదా. ఈమె నిదానంగా రాసే మనిషి. మొదటి రికార్డు ఫోక్‌వేస్ అనే కంపెనీ వాళ్లకి 1979లో. అది పూర్తిగా పాత పాటలే, సొంతవి కాదు. సొంత పాటలతో 1980లో ఒకటి, తర్వాత 1988లో ఒకటి. ఆ రెంటి మధ్య ఎనిమిదేళ్లు. దాని ముందు ఆరేళ్లు ఎంత?

రేడియో_రాజ్యం
ఆ ఎనిమిదేళ్ల కథ ఇంకా బావుంటుంది. 1980లలో ఒక పెద్ద కంపెనీ ఆమె చేత డెమో, అంటే నమూనా రికార్డింగు, చేయించింది. లాస్ ఏంజెలిస్ ఆఫీసు వాళ్లు విని రాక్‌కి ఇది మరీ కంట్రీగా ఉందని నాష్‌విల్ పంపించారు. నాష్‌విల్ వాళ్లు విని కంట్రీకి మరీ రాక్‌గా ఉందన్నారు. ఆమే చాలా ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్తుంది. చివరికి 1988 ఆల్బమ్ వేసిందెవరు? రఫ్ ట్రేడ్. బ్రిటన్‌లో పంక్ రికార్డులకి పేరు మోసిన లేబుల్!

గ్రామీలు చూస్తే ఇంకా నవ్వొస్తుంది. ఆ 1988 ఆల్బమ్‌లోని 'ప్యాషనేట్ కిసెస్'ని మేరీ చేపిన్ కార్పెంటర్ పాడింది, 1994లో రచయితగా లూసిండాకి కంట్రీ పాట గ్రామీ. 'కార్ వీల్స్'కి 1999లో కాంటెంపరరీ ఫోక్ ఆల్బమ్ గ్రామీ. అదే ఆల్బమ్‌లోని 'కాంట్ లెట్ గో' మాత్రం రాక్ గాయనుల విభాగంలో నామినేషన్. తర్వాత 2002లో వేరే పాటకి రాక్ గ్రామీ వచ్చేసింది కూడా. మూడు గ్రామీలు, మూడు అరలు.

కరీంనగర్_పోరడు
ఆధార్ కార్డుల ఒక పేరు, రేషన్ కార్డుల ఇంకో పేరు ఉన్నట్టు.

రేడియో_రాజ్యం
😄 సరిగ్గా అదే. ఇంకో చిన్న సంగతి, ఆ 'కాంట్ లెట్ గో' ఆమె రాసింది కాదు, ర్యాండీ వీక్స్ రాసింది. ఆల్బమ్ మొత్తంలో పూర్తిగా బయటివాళ్ల పాట అదొక్కటే.

ఆస్టిన్_అరుణ
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. చెరువుగట్టు గారి "తడి ఆరిపోతుంది" దగ్గర ఆగాను. నాకు సరిగ్గా వ్యతిరేకంగా అనిపిస్తుంది. కారణం చెప్తా.

మేము హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ వైపు ఐ-10 హైవే మీద చాలాసార్లు వెళ్తుంటాం, మా ఆడపడుచు వాళ్లు అటువైపు. టెక్సస్ దాటి లూసియానాలో పడగానే లేక్ చార్ల్స్. ఎత్తయిన పాత వంతెన, చుట్టూ పెట్రోలు శుద్ధి కర్మాగారాల పొగగొట్టాలు, రాత్రయితే ఆ లైట్లు. వంతెన పిట్టగోడల మీద అడ్డంగా పెట్టిన తుపాకీ బొమ్మలుంటాయి, పిల్లలు లెక్కపెడుతుంటారు. ఆ తర్వాత లఫయెట్, బాటన్ రూజ్, ఇంకా ముందుకెళ్తే స్లైడెల్. ఆమె పుట్టింది ఆ లేక్ చార్ల్స్‌లోనే, 1953లో.

ఇప్పుడు ఆల్బమ్ వినండి. ఆఖరి పాట 'జాక్సన్'లో లఫయెట్, బాటన్ రూజ్, విక్స్‌బర్గ్ ఒక్కోటి దాటుకుంటూ పోతుంది. దాటిన ప్రతి ఊరి దగ్గరా "ఇక నిన్ను తలుచుకోను" అని తనకి తాను చెప్పుకుంటుంది. ఎన్ని ఊళ్లు దాటితే అంత బాగా తెలుస్తుంది మనకి, మరిచిపోలేదని. 'జాయ్'లో పోగొట్టుకున్న సంతోషాన్ని వెతకడానికి వెస్ట్ మెంఫిస్ పోతుంది, స్లైడెల్ పోతుంది. స్లైడెల్‌లో సంతోషం వెతకడం ఏమిటో అక్కడ గ్యాస్ కొట్టించుకున్న వాళ్లకి తెలుస్తుంది 😅 పేద్ద ఊరేం కాదు. అందుకే ఆ పాట నిజం.

ఊళ్ల పేర్లు చెప్పి ఊరుకుంటే అది రైల్వే టైంటేబుల్. ఆమె ప్రతి పేరుని ఒక్కో రకంగా పలుకుతుంది. ఆ పలకడం కోసమే మళ్లీ మళ్లీ పాడిందని నా నమ్మకం.

చెరువుగట్టు
అరుణ గారూ, మీరు దారి చూశారు కాబట్టి మీకు అంతా కనపడుతుంది. అనకాపల్లిలో కూర్చుని వినేవాడికి స్లైడెల్ అంటే ఏదో మందు బిళ్ల పేరులా ఉంటుంది.

సీమ_సత్తెన్న
ఏం లేదు చెరువుగట్టన్నా. నేను ఆ దారులేవీ చూడలేదు, అమెరికా మొగమే చూడలేదు. కానీ టైటిల్ పాట విన్నప్పుడు కడుపులో తిప్పినట్టయింది. మా నాయన బ్యాంకు ఆఫీసరు. ఆదోని, నంద్యాల, మదనపల్లె, మళ్లీ ఆదోని. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజు ఇంట్లో ఎవురూ గట్టిగా మాట్లాడరు. అమ్మ సామాన్లు సర్దతా ఉంటాది, గిన్నెలు మాత్రం కావాలని శబ్దం చేస్తాయి. మనం వెనక సీట్లో కూర్చోని కిటికీలోంచి చూస్తా ఉండాల. ఏడిస్తే తిడతారు, ఏడవకుంటే "వీనికేం పట్టదు" అంటారు.

ఆ పాటలో ఉండేది అదే. పొద్దున వంటింటి వాసన, రేడియోలో పాట, పెద్దోళ్ల గొంతుల్లో తేడా, వెనక సీట్లో నాలుగైదేళ్ల బిడ్డ. ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పదు. బిడ్డకి తెలీదు కదా, అందుకని.

ఆస్టిన్_అరుణ
సత్తెన్న గారూ, ఆమె తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాడు. ఉద్యోగం ఎక్కడుంటే అక్కడికి కుటుంబం: జార్జియాలో మేకన్, లూసియానాలో బాటన్ రూజ్, చిలీలో శాంటియాగో, తర్వాత ఆర్కన్సాలో ఫయెట్‌విల్. 1997లో క్లింటన్ రెండోసారి ప్రమాణ స్వీకారం చేసినప్పుడు అక్కడ కవిత చదివింది ఆయనే.

ఆయన ఈ టైటిల్ పాట మొదటిసారి నాష్‌విల్‌లో బ్లూబర్డ్ కెఫేలో విన్నాడట. చిన్న చోటు అది, పాడేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య దూరమే ఉండదు. పాట అయ్యాక కూతురి దగ్గరికి వచ్చి క్షమించమ్మా అన్నాడు. ఎందుకు నాన్నా అంటే, వెనక సీట్లో బిడ్డ నువ్వే కదా అన్నాడు. ఆమెకి అప్పటిదాకా అది తన గురించే రాశానన్న స్పృహ లేదట. ఇది ఆమే చెప్పింది.

సీమ_సత్తెన్న
ఇది మా నాయనకి చెప్పకూడదు. చెప్తే "నేనెందుకు క్షమించమనాల, జీతం ఎవురు తెచ్చినారు" అంటాడు.

మిక్సర్_మామ
😂😂 సత్తెన్నా, నీ నాన్న మీద ఒక పాట రాయి.

పాతక్యాసెట్
తండ్రి కథ నాకు తెలీదు. ఆ పాట ఇంకోసారి వింటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. పాట గొప్పది, సరే. ఆ పాట ఆస్టిన్‌లో చేసినప్పుడు కూడా గొప్పదే కదా. మాటలు మారలేదు, బాణీ మారలేదు. మరి రెండోసారి పెంచింది ఎంత? ఆస్టిన్‌ది ఎక్కడైనా వినొచ్చా, పోల్చుకోడానికి?

రేడియో_రాజ్యం
2006లో రెండు సీడీలుగా మళ్లీ వేశారు. రెండోది ఫిలడెల్ఫియాలో 1998లో రేడియో కోసం చేసిన కచేరీ. ఆస్టిన్ ఆల్బమ్ మొత్తం అందులో లేదు. కానీ పోల్చుకోవాలంటే ఒక దారి ఉంది. 'ఐ లాస్ట్ ఇట్' పాట 1980 ఆల్బమ్‌లోనూ ఉంది, ఇందులోనూ ఉంది. అదే పాట, అదే మనిషి, 18 ఏళ్ల తేడా. రెండూ పక్కపక్కన పెట్టి వినండి.

మిక్సర్_మామ
మంచి మాట. 1980లో ఆమె పాటని పాడేస్తుంది. 1998లో పాటని ఆపి ఆపి పాడుతుంది. మాటకి మాటకి మధ్య సందు వదులుతుంది, తాళం ముందుకి పోతున్నా తను ఒక అడుగు వెనక నడుస్తుంది. ఆ వెనకబాటు స్టూడియో మాయ కాదు, వయసు. కాకపోతే ఆ వెనకబాటు మనకి వినపడేలా పట్టుకోవడం మాత్రం స్టూడియో పనే.

ఇప్పుడు నా గోడు కొంచెం. నేను హైదరాబాదులో చిన్న స్టూడియోలో పని చేస్తా. జానపదం పాడేవాళ్లు వస్తుంటారు, యూట్యూబు కోసం. ఎంత మంచి గొంతులో. ఒకామె పాలమూరు వైపు నుంచి వచ్చింది, నాట్లేసే పాట పాడింది. ఒక స్వరం దగ్గర సరిగ్గా ఉండదు, కొంచెం కిందకి జారి నిలబడుతుంది, ఒళ్లు జలదరించింది. డబ్బు పెట్టినాయన వెంటనే "అది సరిచెయ్" అన్నాడు. పిచ్ కరెక్షన్ వేశాం. పాట నున్నగా అయింది. పైన నాలుగు లేయర్ల డప్పు, కీబోర్డు. ఆమె విని "మంచిగున్నది సార్" అని వెళ్లిపోయింది. ఆమెకి "ఇది నా గొంతు కాదు, మళ్లీ చెయ్యండి" అనే వీలే లేదు. ఉంటే అనేదా అని ఇప్పటికీ అనుకుంటా.

అందుకే లూసిండాని మొండిమనిషి అంటే నాకు నచ్చదు. ఆ మొండితనం ఖర్చు భరించగలిగినవాళ్లు తక్కువ.

కరీంనగర్_పోరడు
మామా నీ పోస్టు చదివినంక చాయ్ కాదు అన్నం గూడ సల్లారింది. మా అమ్మమ్మ బతుకమ్మ పాటలు నా ఫోన్ల ఉన్నయి, ఎన్కకెళ్లి బర్రె అరుస్తది, కుక్కర్ కూత వెడ్తది. గవి ఎవ్వనికి ఇయ్యను సరిచెయ్యనీకి.

చెరువుగట్టు
మిక్సర్_మామ చెప్పింది కదిలించింది. కానీ చూడండి, అది నా వాదనకే బలం. ఆ పాలమూరు ఆమె మొదటిసారి పాడిందే బావుంది కదా? మళ్లీ చేయించకుండా ఉంటే చాలు. లూసిండా మళ్లీ చేసింది.

మిక్సర్_మామ
కాదు. ఒకచోట ఇంకెవరో సరిచేశారు, ఇంకోచోట పాడినామే సరిచేసుకుంది. ఎవరి చేతిలో ఉంది అన్నదే తేడా, ఎన్నిసార్లు అన్నది కాదు.

నిద్రలేని_నీలిమ
👏

గోదారిగట్టు_శీను
అంటే మార్లిక్స్ కూడా ఆ డబ్బు పెట్టినాయన లాంటివాడే అంటారా? అన్యాయం అండి అది.

మిక్సర్_మామ
ఛ, ఆ మాట అన్నానా? ఆయన మంచి నిర్మాతే. 1988 ఆల్బమ్ వింటే తెలుస్తుంది. ఆయనకి వినపడినది ఒకటి, ఆమెకి వినపడినది ఇంకొకటి. అలాంటప్పుడు తెగిపోవడమే, మధ్యేమార్గం ఉండదు. ఎర్ల్‌కి కూడా ఈ పని సుఖంగా ఏమీ సాగలేదు, ఆయన సంగతి ఆయనే తర్వాత చెప్పాడు. ఆయన వేరే పనుల మీద వెళ్లాల్సి వచ్చింది, ఆమెకి ఇంకా చెక్కాలని ఉంది, అందుకే బిట్టన్ దగ్గరికి. అకార్డియన్ వినపడే చోట చాలావరకు ఆయనే.

కరీంనగర్_పోరడు
అందరు టైటిల్ పాట, టైటిల్ పాట అంటున్నరు. నాకైతే 'డ్రంకెన్ ఏంజెల్' అన్నా. బ్లేజ్ ఫోలీ అని ఆస్టిన్ల ఒక పాటగాడు ఉండె. ఇల్లు లేదు, పైస లేదు. చెప్పులకు, కోటుకు సిల్వర్ రంగు డక్ట్ టేపు చుట్టుకొని తిరిగేటోడు. 1989 ఫిబ్రవరిల కాల్చి చంపిన్రు. దోస్తైన ఒక ముసలాయన తరఫున ఆయన కొడుకుతోని లొల్లికి పోయిండు, ఆ కొడుకే కాల్చిండు. కోర్టుల ఆత్మరక్షణ అని విడిచిపెట్టిన్రు. ఆయన పోయినంక ఈమె పాట రాసింది. పాట నిండ కోపమే. సచ్చినోని మీద కోపం. గంత గొప్పగ పాడేటోనివి, గిట్ల ఎందుకు పాడువెట్టుకున్నవ్ అని తిడుతున్నట్టే ఉంటది. మా దిక్కు సావుకాడ ఆడోళ్లు ఏడ్సుకుంట తిడ్తరు సూడు, గట్ల.

ఆస్టిన్_అరుణ
ఇక్కడ ఇప్పటికీ ఆయన అభిమానులు ఉన్నారు. శవపేటికకి కూడా ఆ టేపే చుట్టారని చెప్తారు.

'లేక్ చార్ల్స్' కూడా అలాంటిదే, పోయినవాడి మీదే. క్లైడ్ వుడ్‌వర్డ్ అని ఆమె మాజీ ప్రియుడు. పుట్టింది టెక్సస్ నాకొడోషెస్‌లో, అందరికీ మాత్రం మాది లేక్ చార్ల్స్ అని చెప్పుకునేవాడు. ఆ అబద్ధాన్ని పాటలో అలాగే ఉంచింది, ఎంత ముద్దుగా ఉంటుందో.

సీమ_సత్తెన్న
మా ఊర్లో ఒకాయన ఉండాడు, పుట్టింది కల్లూరు పక్క పల్లె, ఎవురడిగినా "బెంగుళూరు" అంటాడు. పాట ఎవరూ రాయరు గానీ.

నిద్రలేని_నీలిమ
ఈ ఆల్బమ్ అట్ట ఫోటో గురించి ఎవరూ అనలేదు. బర్నీ ఐమ్స్ అని మిసిసిపీ ఫోటోగ్రాఫర్ తీసింది. ఆయన ఆ డెల్టా ప్రాంతంలో జ్యూక్ జాయింట్లని, అంటే నల్లవాళ్ల చిన్న చిన్న పాటల మందుకొట్లని, వరుసగా ఫోటోలు తీశాడు. గోడల మీద చేత్తో రాసిన బోర్డులు, "ఇక్కడ గొడవ చేయరాదు" లాంటివి. మూడో పాటలో మాటలు చాలావరకు ఆ గోడ రాతల నుంచి వచ్చినవే. ఫోటో చూసి పాట రాయడం కాదు, ఫోటోలో ఉన్న గోడని చదివేసింది.

పాతక్యాసెట్
అందుకా! ఆ మూడో పాట నాకు ముక్కలు ముక్కలుగా, తలాతోకా లేకుండా అనిపించింది. గోడ మీద రాతలంటే కుదిరింది.

రేడియో_రాజ్యం
విమర్శకుల సంగతి పైన చెరువుగట్టు తేలిగ్గా తీసేశారు. విలేజ్ వాయిస్ పత్రిక ఏటా వందల మంది విమర్శకుల చేత ఓట్లు వేయించేది. 1998కి మొదటి స్థానం దీనికే. రోలింగ్ స్టోన్ 500 ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 300 దాటాక ఎక్కడో ఉంది. 2020లో జాబితా తిరగరాసినప్పుడు 98. అంటే ఏళ్లు గడిచేకొద్దీ పైకే పోతోంది.

చెరువుగట్టు
జాబితాలు ఎక్కడం దిగడం వేరే రాజకీయం. నన్ను జాబితాతో ఒప్పించలేరు. 'గ్రీన్‌విల్' పాటతో కొంచెం ఒప్పించగలరు. అందులో ఎమిలూ హారిస్ గొంతు కలిసేచోట నాకు నోరు లేవదు.

నిద్రలేని_నీలిమ
హమ్మయ్య, ఒక పాట గెలిచాం.

గోదారిగట్టు_శీను
నేను మాత్రం మార్లిక్స్ పక్షమేనండి. రాసుకోండి.

పాతక్యాసెట్
నేను 'ఐ లాస్ట్ ఇట్' రెండూ విన్నాను, రాజ్యం గారు చెప్పినట్టు. తేడా తెలిసింది. కొత్తది నిస్సందేహంగా బరువైనది. కానీ 1980దే ఎక్కువసార్లు వింటానేమో, అందులో ఆవిడకి అలుపు లేదు. ఇంకో ప్రశ్న: దీని తర్వాత ఏది వినాలి?

రేడియో_రాజ్యం
వెనక్కి వెళ్లండి. 1992 'స్వీట్ ఓల్డ్ వరల్డ్'. అక్కడా ఒక మెలిక ఉంది. 25 ఏళ్లకి, 2017లో, ఆ ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి పాడి రికార్డు చేసింది.

చెరువుగట్టు
మళ్లీనా!!

రేడియో_రాజ్యం
మళ్లీనే. ఈసారి గొంతు ఇంకా గరుకు. 2020లో పక్షవాతం వచ్చింది, గిటార్ పట్టుకోలేకపోయింది, అయినా మళ్లీ స్టేజీ ఎక్కి పాడింది, 2023లో కొత్త ఆల్బమ్ కూడా. ఏది మానుకున్నా పాడటం మానుకోదు.

మిక్సర్_మామ
2017దే వినండి. గొంతులో మొరం ఉంది.

గోదారిగట్టు_శీను
1992దే వినండి. అందులో గిటార్ మార్లిక్స్‌ది.